నీళ్ల మీద నువ్వుల నూనె

తొంభైల చివర్లో రాయ్‌పూర్ పక్కన సిల్తారాలోని ఒక ఉక్కు ఫ్యాక్టరీ నుంచి శిక్షణకని నన్ను కొరియా పంపారు. రాయ్‌పూర్‌లో బయలుదేరేటప్పుడు మా ఆవిడ నువ్వుల నూనె సీసా పెట్టెలో సర్దుతూ, "ఎంత థకాయించినా, ఎంత అలిసినా ఇత్వార్ తలంటు మాత్రం మానకండి" అంది.

అక్కడ రోజుకు పన్నెండు గంటలు నిలబడే పని. ఆవిడ చెప్పిన ఇత్వార్, మొదటి ఆదివారం వచ్చేసరికే నడుము పడిపోయింది. ఒళ్లంతా నూనె పట్టించుకుని, పైన బట్టలేసుకుని ఊళ్లోని స్నానశాలకు వెళ్లాను. లోపల మగవాళ్లంతా నూలుపోగు లేకుండా ఉన్నారు. సిగ్గుపడే ఓపిక కూడా లేక నేనూ నడుముకి చుట్టుకున్న తువ్వాలు తీసేసి, వేడినీళ్ల తొట్టిలో దిగిపోయాను.

నీళ్ల మీద నూనె తెట్టు కట్టింది. అందులో ఉన్నవాళ్లు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. ముందు బయట ఒళ్లు కడుక్కుని గాని అందులో దిగకూడదట.

అక్కడ పనిచేసే ముసలాయన వచ్చి తొట్టిలో నీళ్లన్నీ వదిలేసి, బ్రష్‌తో తోమడం మొదలుపెట్టాడు. తల ఎత్తలేక నేనూ ఇంకో బ్రష్ అందుకున్నాను. తొట్టి శుభ్రమయ్యాక ఆయన నన్ను బల్ల మీద బోర్లా పడుకోమని సైగ చేసి, గరుకు గుడ్డతో వీపు రుద్దాడు. మా అమ్మ తరవాత నా వీపు రుద్దినవాడు ఆయనే. అలాగే నిద్రపోయాను.

శిక్షణ ముగిసి ఇంటికొచ్చాక మా ఆవిడ సీసా ఎత్తి చూసింది.

"ఇంత మిగిలిందేంటి? ఎన్నిసార్లు అంటుకున్నారు?"

"ఒక్కసారే" అన్నాను. "ఆ అలసటకి అదే సరిపోయింది."