డ్రైయర్ పాయింటులో అగ్గిపుల్లలు

బహ్రెయిన్‌లో కరెంటుతో ఒక మనిషికి ఊపిరి పోసినవాణ్ని నేను. బట్టలారబెట్టే డ్రైయర్ పాయింటు నుంచి ఆయాసం మిషన్ నడిపించాను. ఊళ్లో ఈ మాట చెప్పినప్పుడల్లా నా ముందు ఇంకో చాయ్ వచ్చేది.

మామీర్ లేబర్ క్యాంపులో, ఎండాకాలం మిట్టమధ్యాహ్నం జరిగింది. మా గదుల కరెంటు లైను కాలిపోయింది. నా పక్కమంచం అతనికి ఆయాసం ఎక్కువైంది. మందు ఆవిరిగా పట్టే మిషన్ ఉంది, కరెంటు లేదు. అంబులెన్సుకు ఫోన్ చేశాం, బయల్దేరామన్నారు. అతని పెదవులు నీలంగా మారుతున్నాయి.

"అన్నా... మిషిన్..." అన్నాడు. ఆపై మాటకు ఊపిరి చాలలేదు.

బట్టలుతికే గదిలో డ్రైయర్‌కు వేరే లైను. అదొక్కటే పనిచేస్తోంది. అతన్ని అక్కడికి మోసుకెళ్లాను. చూస్తే ఆ పాయింటుకు లావు లావు రంధ్రాలు, మిషన్‌కు చిన్న ప్లగ్గు. ఎలక్ట్రీషియన్‌నని చెప్పుకునేవాణ్ని గాని, నిజానికి నేను నిచ్చెన పట్టుకునేవాణ్ని. గదుల్లో మేమంతా చేసేదే చేశాను. ప్లగ్గు కోసేసి, వైర్లు ఒలిచి, రంధ్రాల్లో దోపి, అగ్గిపుల్లలు బిగించాను.

ఠప్‌మంది. వైరుకు వైరు తగిలింది. ఆ లైనూ పోయింది.

అతని ఛాతీలో ఈల వినబడుతోంది. కాసేపటికి అదీ సన్నబడింది. గొంతు చించుకుని అరిచాను.

అసలు ఎలక్ట్రీషియన్, పక్క వరుసలో ఉండే హైదరాబాద్ భాయ్, సైటులో వాడే డబ్బాతో ఉరికొచ్చాడు.

"చచా, మనిషిని చంపుతరా ఏంది? హటో! ఫ్యూజున్న ప్లగ్గునే కోస్తరా? వైర్లు తగిలినయ్ గాబట్టి పడింది, లేకుంటే ఈ పెద్ద లైను మీ సన్న వైరు కాలినా బందుగాదు!"

పాయింటు స్విచ్చి ఆపి, నా వైర్లు పీకేశాడు. డబ్బాకు ఒకవైపు డ్రైయర్ పాయింటులో పట్టే పెద్ద ప్లగ్గు, ఎర్తుతో సహా లావు వైరు. మరోవైపు మామూలు సాకెట్లు, ఒక్కోదానికి ఒక చిన్న బ్రేకరు. నేను కోసిన వైరుకు ఫ్యూజున్న కొత్త ప్లగ్గు బిగించి, డబ్బాను పాయింటుకు తగిలించి, పడిపోయిన లైను లేపాడు. మిషన్ గుర్రుమంది. అంబులెన్సు వచ్చేసరికి అతను కళ్లు తెరిచాడు.

మొన్న అతని ఇంట్లోనే, అతని మనవల ముందు, మళ్లీ మొదలుపెట్టాను. "ఆనాడు నేను పాయింటు కలపకపోతే..."

అతను చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"నువ్వేం కలిపినవన్నా? నా మిషిన్ ప్లగ్గు కోసినవ్. ఉన్న ఒక్క లైను గూడ కొట్టేసినవ్. నన్ను బతికిచ్చింది భాయ్."