రూట్ ఫోల్డర్ అంటే ఏది?

2012లో నేను రాయ్‌పూర్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో మాన్యువల్స్ రాసే ఉద్యోగం చేస్తుండేదాన్ని. సిల్తారా, భన్‌పురి వైపు ఫ్యాక్టరీలకు మావాళ్ళు వెబ్ సర్వర్లు పెట్టి ఇచ్చేవారు. బ్రౌజర్‌లో మనం అడిగిన పేజీని తెచ్చి చూపించే ప్రోగ్రామే వెబ్ సర్వర్. ఏ పేజీ ఎక్కడుంది, ఎవరికి చూపించాలి అన్నవి కొన్ని ఫైళ్ళలో రాసి పెడతారు. అదే కాన్ఫిగరేషన్. ఫ్యాక్టరీ మనిషి వాటిని సొంతంగా చూసుకోగలిగేలా హిందీలో వివరంగా రాసివ్వడం నా పని.

ఆఫీసులో పదకొండు మందిమి. రాసేది నేనొక్కదాన్నే. నేను రాసినదాన్ని ప్రింటు తీసి, బైండు చేసి సర్వర్‌తో పాటు పంపేవారు. ఎవరైనా చదువుతున్నారో లేదో నాకు తెలిసేది కాదు. నాన్న రైల్వేలో రిటైరయ్యాక ఇంట్లోవాళ్ళు విజయనగరం వెళ్ళిపోయారు. నేను అద్దె గదిలో ఉండేదాన్ని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా హిందీయే. కొన్ని వారాలు ఒక్క తెలుగు ముక్క కూడా మాట్లాడకుండానే గడిచిపోయేవి.

ఆ ఏడాది ఎండాకాలంలో సిల్తారాలో ఇనుము తయారుచేసే ఒక స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలో గేట్‌పాసుల వెబ్‌సైటు ఆగిపోయింది. దాన్నుంచి పాసు ప్రింటు కాకపోతే లోడెత్తిన లారీ బయటికి కదలదు. మా ఇంజనీరు వెళ్ళి చూస్తే కాన్ఫిగరేషన్ ఫైళ్ళు ఒక్కటీ లేవు. మేము బ్యాకప్ పెట్టింది పేజీలకూ డేటాకూ మాత్రమే, ఈ ఫైళ్ళకు కాదు. అతను అన్నీ మళ్ళీ చేత్తో రాయడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ లారీలు రోడ్డు దాకా బారులు తీరాయి.

సర్వర్ చూసుకునేది డిస్పాచ్ సెక్షన్‌లోని ప్రకాశరావు గారు. యాభై దాటిన మనిషి. వాళ్ళదీ మాలాగే రైల్వే కుటుంబం, బొబ్బిలి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. కంప్యూటర్ మనిషి మానేశాక ఆ పని కూడా ఆయన నెత్తిన పడింది. ఫ్యాక్టరీవాళ్ళు ఆయన్ని సస్పెండ్ చేసి, కారణం రాసిమ్మని మమ్మల్ని అడిగారు. మా మేనేజర్ నన్ను పిలిచి, ఆపరేటర్ పొరపాటు అని రెండు లైన్లు రాసేయమన్నాడు. రాసేశాను. అప్పటికి మాన్యువల్ తెరిచైనా చూడలేదు. ఇది చెప్పడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

మర్నాడు ప్రకాశరావు గారే ఫోను చేశారు. నా పేరు విని తెలుగులో మొదలుపెట్టారు. కోపం లేదు. తను ఎక్కడ తప్పు చేశారో చూపిస్తే చాలన్నారు. వాళ్ళది బీర్‌గావ్‌లో రెండు గదుల ఇల్లు. ఆ మధ్యాహ్నమే వెళ్ళాను. ఆయన భార్య మంచినీళ్ళిచ్చి పక్కన నిలబడింది. ఆయన మాన్యువల్ తెచ్చి నా ముందు పెట్టారు.

పేజీలన్నీ నలిగిపోయి ఉన్నాయి. ప్రతి సాంకేతిక పదం పక్కనా పెన్సిల్‌తో తెలుగులో అర్థం రాసుకున్నారు. నాలుగో పేజీలో రూట్ ఫోల్డర్ అన్నచోట ‘సర్వర్ సెట్టింగులు ఉండే చోటు’ అని ఉంది. అది సరైన అర్థమే, ఆ పేజీలో నేను చెప్పింది అదే. ఇరవై రెండో పేజీలో, కొత్త పేజీలు పెట్టేముందు రూట్ ఫోల్డర్ ఖాళీ చేసి సర్వర్‌ని రీస్టార్ట్ చేయమని ఉంది. అక్కడ రూట్ అంటే వెబ్ పేజీలు ఉండే ఫోల్డర్. ఆ భాగాన్ని, ఉద్యోగం మానేసి వెళ్ళిన ఒక ప్రోగ్రామర్ నోట్స్‌లోంచి నేనే ఎత్తి పెట్టాను. ఒకే పేరు, రెండు వేరు వేరు చోట్లు. ఆయన నాలుగో పేజీ అర్థమే పట్టుకుని, కాన్ఫిగరేషన్ ఫైళ్ళున్న ఫోల్డర్‌ని ఖాళీ చేశారు.

“మీరు రాసిందే చేసేనమ్మా. నా సొంతం ఒక్క అక్షరం లేదు,” అన్నారాయన.

తప్పు మీది కాదు, నాది అని చెప్పాను. ఆయన ‘అచ్ఛా’ అని తలూపి, మాన్యువల్ మూసి, మరి ఆ సంగతి ఫ్యాక్టరీవాళ్ళకు చెబుతారా అని అడిగారు.

మేనేజర్ ఒప్పుకోలేదు. కంపెనీ పరువు పోతుందన్నాడు. ఆ రెండు పేజీలూ జతచేసి, లోపం మాన్యువల్‌దేనని, రాసింది నేనేనని నా సంతకంతో ఫ్యాక్టరీకి నేనే పంపించాను. ఉద్యోగం పోతుందనుకున్నాను. పోలేదు. కానీ ఆఫీసులో నాతో కలిసి టీకి వెళ్ళేవాళ్ళు మానేశారు.

ప్రకాశరావు గారిని మళ్ళీ పనిలోకి తీసుకున్నారు, అయితే సర్వర్ ముట్టనివ్వలేదు. లారీలు తూచే కాటా దగ్గర వేశారు. ఆయన చోటికి వచ్చినతను మాన్యువల్ తెరిచేవాడు కాదు, ఏం కావాలన్నా ఫోను చేసేవాడు.

తర్వాత ఏడెనిమిది నెలలు నేను మాన్యువల్స్ అన్నీ ముందేసుకుని పదాల పట్టిక తయారుచేశాను. ఒక వస్తువుకు ఒకే పేరు, ఒక పేరుకు ఒకే వస్తువు. ఉత్త రూట్ అన్న మాట ఎక్కడా ఉండకూడదు: సెట్టింగుల ఫోల్డర్, పేజీల ఫోల్డర్ అని విడివిడిగా ఉండాలి. హోస్ట్, సైట్, సర్వర్ అనే మూడు మాటల్ని ఇష్టమొచ్చినట్టు ఒకదానికి బదులు ఒకటి వాడిన చోట్లు వందల కొద్దీ దొరికాయి. ఈ పని ఎవరూ అడిగింది కాదు. అయిందని చెబితే మేనేజర్ మంచిదే అన్నాడు, అంతే.

ప్రింటు తీసి కాటా దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని, లారీకీ లారీకీ మధ్య దొరికిన సమయంలో మొత్తం చదివారు. రెండు చోట్ల సైట్ అన్న మాట తేడాగా ఉందని చూపించారు కూడా.

“బాగుందమ్మా. ఇప్పుడిది ఎవరు చదువుతారు?” అని అడిగారు.

నేను రాసినదాన్ని అక్షరం వదలకుండా చదివిన మనిషి నాకు ఆయనొక్కరే దొరికారు. ఆయనకు ఆ పని లేకుండా చేసింది నా రాతే.

ఆ ఉద్యోగం మారి చాలాకాలమైంది గానీ, ఇప్పటికీ రాసేది ఇలాంటివే. అడగడానికి పక్కన ఎవరూ లేని మనిషే మాన్యువల్ తెరుస్తాడని ఆ సంఘటన నాకు నేర్పింది. అతనికి అక్కడ తోడున్నది మన వాక్యమొక్కటే. అది ఒక పేజీలో ఒకటి, ఇంకో పేజీలో ఇంకొకటి చెప్పకూడదు.