సేనానికి గొంతిచ్చిన మా మేనత్త

నేను వనపర్తిలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. సాయంత్రాలు, ఫోనులో కథలు వినిపించే యాప్ ఒకదానికి ధారావాహిక రాసి, నేనే చదివి రికార్డు చేస్తుంటాను. కోటలు, మంత్రగాళ్లు, రెక్కల గుర్రాలు ఉన్న పెద్ద యుద్ధగాథ అది. అందులో ఒక సేనాని ఉంది, ఆడమనిషి. ఆమె నవ్వితే గుడారాలు అదరాలని, ఆమె కేక వింటే పారిపోతున్న సైన్యం కూడా వెనక్కి తిరగాలని నా కోరిక. రాసేటప్పటికి మాత్రం ఆమె పాఠ్యపుస్తకంలా మాట్లాడేది. వినేవాళ్లు మంత్రగాడు బాగున్నాడని, గుర్రం బాగుందని రాసేవారు. సేనాని గురించి ఒక్కరూ ఒక్క మాట అనేవారు కాదు.

చలికాలం ఒక శనివారం ఉప్పునుంతల దగ్గర మా మేనత్త ఊరికి వెళ్లాను. ఆమె ఆడకూలీల గుంపుకు పెద్ద. రైతులు ఫోను చేస్తే అందరినీ ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని పనికి తీసుకుపోతుంది. మనిషి పొట్టి, గొంతు మాత్రం ఊరంత. మర్నాడు పొద్దున్నే నన్నూ ఆటో ఎక్కించింది.

"ఇంట్ల కూసోని ఏం జేస్తవ్ కోడలా? రా, పచ్చి పల్లికాయ తిందువుగని."

మేం పల్లి చేనుకు చేరేసరికి మంచు ఇంకా విడలేదు. చేను నడుమ నల్లగా ఏవో కదులుతున్నాయి. అడవిపందులు! పల్లి చెట్లను మూతులతో పెళ్లగించి కాయలు నములుతున్నాయి. కౌలుకు చేసుకుంటున్న పిలగాడు గట్టు మీద నెత్తిన చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. ఆడవాళ్లు ఆటో దిగినవాళ్లు దిగినట్టే ఆగిపోయారు.

మా అత్త కొంగు నడుముకు చెక్కి, సద్దిగిన్నె మూత ఒక చేత్తో, కొడవలి ఇంకో చేత్తో పట్టుకుంది.

"ఏమే, సూస్తున్నరేంది? పెండ్లికొచ్చిండ్రా? మూతలు తీయండ్రి! సగం మంది ఆ దిక్కు, సగం మంది ఈ దిక్కు, నడిమిట్ల నేనున్న. గొంతు చించుకోని ఒర్రండ్రి!"

అంటూనే మూత వాయించుకుంటూ, పెద్దగా నవ్వుతూ చేన్లోకి ఉరికింది. ఆమె వెనక అందరూ ఉరికారు. ఆ మోతకు పందులు గుట్ట వైపు పరుగెత్తాయి. ఒక్కటి, అన్నిటికంటే పెద్దది, ఆగి వెనక్కి తిరిగింది. అత్త ఆగింది. వెనక అందరూ ఆగారు. నేను ఆటోలో డ్రైవరు సీటు కిందికి దూరబోయాను. అక్కడ అప్పటికే డ్రైవరు ఉన్నాడు.

"ఏందిరో సూస్తున్నవ్? నీ అయ్య దున్నిండా ఈ చేను?" అని అత్త దాన్ని నిలదీసింది.

పంది కాసేపు ఆలోచించినట్టు నిలబడి, తోక తిప్పుకుని గుట్టెక్కిపోయింది. ఆడవాళ్ల నవ్వులు చాలాసేపు ఆగలేదు. నేను ఆటో దిగి వెళ్లేసరికి అత్త గట్టు మీద కూలబడి, నా చెయ్యి పట్టుకుంది.

"భయం కాలేదా అత్తా?"

"ఎందుకు కాదే! పానం గొంతులకొచ్చింది. గని నేను ఎన్కకు తిరిగితె వీళ్లంత తిరుగుతరు గద."

ఇంటికి వచ్చాక సేనాని ఉపన్యాసాలన్నీ కొట్టేసి మళ్లీ రాశాను. ఆమెకు మా పాలమూరు మాట ఇచ్చాను. శత్రువును చూసి కత్తి దూసే ముందు ఒక్క తిట్టయినా తిట్టేటట్టు చేశాను. ఇక వినేవాళ్లందరూ సేనాని గురించే రాయడం మొదలుపెట్టారు. మంత్రగాణ్ని పట్టించుకునేవాళ్లే లేరు.

కొన్ని వారాల తర్వాత మళ్లీ వెళ్లినప్పుడు, సద్ది తినే వేళ గుంపంతా బోర్లించిన గంప మీద ఫోను పెట్టుకుని నా కథ వింటున్నారు. సేనాని "పెండ్లికొచ్చిండ్రా?" అని సైన్యం మీద అరిచింది. ఆడవాళ్లు అత్త వైపు చూసి నోట్లో కొంగులు కుక్కుకున్నారు. అత్త మాత్రం శ్రద్ధగా వింటోంది.

"గిదెవతే, గింత నోరు పెడ్తది? దీని మొగడు ఎట్ల ఏగుతుండో!"

ఇక ఎవరూ ఆపుకోలేకపోయారు. అత్త అందరినీ చూసి, చివరికి నన్ను చూసింది.

"అంటె నేనా? నేను గట్ల ఒర్రుతనా?"

ఆ అరుపుకు పక్క చేలో కొంగలు లేచిపోయాయి. కాసేపు మూతి ముడుచుకుంది కానీ, చెయ్యి కడుక్కునేలోగా దర్జా వచ్చేసింది.

"సరె, పెట్టుకుంటె పెట్టుకున్నవ్. గని ఆమె మందికి అన్నం పెట్టదేంది? పొద్దుగాల సంది కత్తులు తిప్పుతున్నరు, తిన్నరా లేదా అడగదా?"

నిజమే, నా కథలో అన్ని యుద్ధాల్లోనూ ఎవరూ ముద్ద నోట్లో పెట్టుకోలేదు. తర్వాతి భాగంలో సేనాని సైన్యానికి జొన్నరొట్టెలు పంచింది.

ఎండాకాలం పనులు తగ్గాక గుంపంతా జీపు మాట్లాడుకుని బీచుపల్లికి బయల్దేరారు. దారిలో నన్నూ ఎక్కించుకున్నారు. ఆంజనేయుని దర్శనం చేసుకుని, కృష్ణ ఒడ్డున పులిహోర తింటుంటే, కథలో ముందేమవుతుందని అడిగారు. కోట గుమ్మం దగ్గర సేనాని చనిపోతుందని చెప్పేశాను.

తినేవాళ్లందరూ ఆగిపోయారు. గుంపుకు కొత్తగా వచ్చిన పడుచామె విస్తరి కింద పెట్టేసి, "ఆమెను సంపితె ఇగ మేము ఇనం" అంది. మిగతావాళ్లూ అందుకున్నారు. అత్త మాత్రం మిగిలిన పులిహోర తిని విస్తరి మడిచింది.

"సావనీ," అంది చివరికి. "ఎవరైన ఎప్పటికి ఉంటరా? గని ఆమె పోయినంక మందిని ఎవరు తోల్కపోతరు? ముందు అది జెప్పు."

నేను అనుకున్న కథలో సైనికులు ఏడుస్తారు, మంత్రగాడు వస్తాడు, అంతే. తిరుగు ప్రయాణంలో జీపంతా అదే చర్చ. గుర్రానికి అప్పగిద్దామని ఒకరు, మంత్రగాడు వద్దే వద్దని ఇంకొకరు. జీపు కొత్తకోట ఊరు దాటేలోగా తేల్చేశారు: సేనాని వెంట నీళ్లతిత్తి మోసే సైనికురాలే ముందుకు రావాలి. బతికుండగానే సేనాని ఆమెకు అన్నీ నేర్పాలి. నాకు నచ్చింది. అలాగే రాశాను.

సేనాని చనిపోయే భాగం వచ్చేసరికి వరినాట్లు పడుతున్నాయి. మధ్యాహ్నం అత్త ఫోను చేసింది.

"ఏడ్పిచ్చినవ్ గదనే! బురదల నిలబడి అందరం ఏడ్సినం. రైతు ఉరికొచ్చిండు, ఎవరికన్న పాము కరిసిందేమో అని."

ఇద్దరం పడీపడీ నవ్వాం. తర్వాత అత్త గొంతు కొంచెం తగ్గించింది.

"ఈ చేను పని నేను మాట్లాడలే కోడలా. రైతుతోని ఆ కొత్త పడుచుపిల్లను మాట్లాడమన్న. మంచిగనే మాట్లాడింది. జర గొంతే లెవ్వదు. నేర్పుత తియ్."

నేనేదో అనేలోపే, ఫోను చెవి దగ్గర ఉందని మరిచి గుంపు మీద కేకేసింది. నా చెవి గుయ్యిమంది.