గొంగళ్లు పట్టుకున్న పిల్ల

మొన్న మా ఇబ్రహీంపట్నం చర్చిలో పిల్లలు స్తెఫను నాటకం వేస్తున్నారంటే, మోకాళ్లు మొరాయిస్తున్నా పంతంకొద్దీ పోయి ముందు వరుసలో కూర్చున్నాను, చూసొచ్చిన దగ్గరనుంచీ నా కడుపుమంట చల్లారడం లేదు. రాళ్లు థర్మకోల్‌వి, సరే. నెత్తురు ఎర్రరంగు నీళ్లు, అదీ సరే. కానీ క్రీస్తు కోసం ప్రాణమిచ్చిన మొదటివాడైన ఆ స్తెఫనును రాళ్లతో కొట్టేటప్పుడు, కొట్టేవాళ్ల పైబట్టలకు కాపలాగా పక్కన ఒక పడుచువాడు నిలబడతాడే, వాడు నాటకంలో లేనే లేడు! నాటకం నేర్పిన మా మనవణ్ణి అందరిముందూ కడిగేశాను.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది ఆ రజాకార్ల కాలం, సంఘపోళ్ల కాలం. మా బాపు ఉపదేశి, పాదిరిగారు రాని ఆదివారాలు ప్రార్థన నడిపేవాడు. వండుకునే ప్రతిపూటా మా ఆడవాళ్లు పిడికెడు గింజలు తీసి దేవుడి కుండలో వేసేవాళ్లు. మాకప్పుడు బియ్యమెక్కడివి, జొన్నలే. ఆ కుండ పక్కన కూర్చుని బాపు స్తెఫను కథ చెబుతుంటే, పదేళ్లయినా నిండని నేను చస్తే అట్లాగే చావాలని తీర్మానించుకుని, మా అన్నచేత మట్టిగడ్డలు విసిరించుకుంటూ కళ్లు మూయకుండా మోకాళ్లమీద నిలవడం నేర్చుకునేదాన్ని. నవ్వకండి, నిజంగానే అనుకున్నాను.

ఆ జొన్నలు దొరలమీద తిరగబడి గుట్టల్లో దాక్కున్న సంఘపోళ్లకు పోతున్నాయని దొర దగ్గరి మనిషి ఒకడు పసిగట్టాడు. నిజమే, పోతున్నాయి, మోసేది మా అమ్మే. మోసేదెవరో చెప్పమని వాడు బాపును దొర గడీ ముందు కట్టేసి కొట్టాడు. బాపు నోరు విప్పలేదు, ఆ దెబ్బలకు విరిగిన కుడిచెయ్యి మళ్లీ సాఫుగా చాపలేదు.

పోలీసు చర్య జరిగి దొర పట్నం పారిపోయాక, బాపును కొట్టినవాడు ఒంటరిగా కందుకూరు బాటలో జనానికి దొరికాడు. మేమూ ఉరికాం. ముసురు రోజులు, అన్న వానకు కప్పుకున్న గొంగడి తీసి నా చేతుల్లో పెట్టి, జర పట్టుకొమ్మని రాయి ఏరుకున్నాడు. అది చూసి ఇంకో ఇద్దరు ముగ్గురు తమవీ నామీదే వేశారు. నేను రాయి ముట్టలేదు. తడిసిన గొంగళ్లు జారకుండా వాటేసుకుని, కొట్టండి, ఇంకా కొట్టండి అని లోపల్లోపల అనుకుంటూ నిలబడ్డాను.

బాపు ఎటునుంచి వచ్చాడో, ఆ వంకర చేత్తోనే వాణ్ణి కమ్ముకుని పడ్డాడు. రెండు రాళ్లు ఆయనకే తగిలాక జనం ఆగారు, వాడు కుంటుకుంటూ చేలకు అడ్డంపడి పారిపోయాడు. వాణ్ణెందుకు కాపాడాలని నాకు బాపు మీద వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఆయన అన్నను ఒక్క మాటా అనలేదు. చెవి పక్కన నెత్తురు తుడుచుకుంటూ నా చేతులకేసి చూశాడు.

“నువ్వు సుతనా, బిడ్డా?”

నేను కూడానా అని అడిగితే, నేనేం కొట్టలేదన్నాను. ఎవరి గొంగడి వాళ్లకిచ్చి రమ్మన్నాడు. ఒక్కొక్కరి దగ్గరికీ తలెత్తకుండా పోయి ఇచ్చాను.

అదీ నా కడుపుమంట. చర్చిలో నేనంతగా అరిచినా మనవడు ఎదురు తిరగలేదు, మెల్లగా అన్నాడు.

“గీ కథ నాకు చెప్పింది నువ్వే గద నాయనమ్మ. గా బట్టల మనిషి ఉన్నడని ఎన్నడు చెప్పలే.”

నిజమే, చెప్పలేదు. వాడికే కాదు, నా పిల్లలకూ చెప్పలేదు, అక్కడికి రాగానే దాటేసేదాన్ని. ఇప్పుడైనా చెబుదామంటే, దేవుడి కుండ లేదు, కందుకూరు బాట పొడుగునా ప్లాట్లు, ముందు గొంగడంటే ఏమిటో చెప్పాలి వాడికి.