ఏ లోపమూ లేని ఇంజన్

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. మర్యాద కోసం అంటున్న మాట కాదు ఇది. ఖతర్ రాకముందు పదిహేనేళ్ళు జగిత్యాల, కోరుట్ల చుట్టుపక్కల ఊళ్ళలో తిరిగి, నాలుక మీద కర్పూరం వెలిగించి, బాబాల గారడీ ఇంతేనని చూపించినవాణ్ణి. చేతబడి చేసిందని ఒక ముసలమ్మ పళ్ళు పీకడానికి వచ్చిన గుంపుకు అడ్డం నిలబడి తన్నులు తిన్నవాణ్ణి. ఆ దెబ్బకు ఎడమ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా పైకి లేవదు.

కాబట్టి, "చివరికి ఈయన కూడా లొంగాడు" అని సంబరపడాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. నేను లొంగలేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఎందుకు జరిగిందో మాత్రం నాకు తెలియదు.

నేను క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌ని. కాంక్రీటు, వెల్డింగు, బోల్టు బిగింపు, అన్నీ కొలిచి సంతకం పెట్టడం నా పని. ఉండేది దోహాలో, అల్ హిలాల్‌లో. సైటు ఉత్తరాన అల్ రువైస్‌లో. పోను వంద కిలోమీటర్ల పైనే, రాను అంతే. దానికి మామూలు కారు చాలు. నేను కొన్నది నీలం రంగు టర్బో సెడాన్. నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందుతుంది. సెకండ్ హ్యాండ్. ఎందుకు కొన్నావంటే హేతువాది దగ్గర హేతువు లేదు. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టగానే వీపు సీటుకు అతుక్కుపోతుంది, అంతే.

ఇలాంటి ఇంజన్లు ఎక్కువ కాలం నిలవవని అందరూ భయపెట్టారు. టర్బో వేడికి ఆయిల్ పలచబడుతుంది, లోపల తిరిగే ఇరుసును, అంటే క్రాంకును, మోసే బేరింగులు అరుగుతాయి, ఒకరోజు లోపల ఠక్ ఠక్ మని మొదలవుతుంది, ఆ తర్వాత ఇంజన్ తుక్కే. అందుకని ఒక నోటుబుక్కు పెట్టాను. ప్రతి శుక్రవారం ఆయిల్ మట్టం, కూలెంట్ మట్టం, కిలోమీటర్లు రాసేవాణ్ణి. ఆ కారును చూసుకున్నవాడు ఖలీల్.

ఖలీల్ నిర్మల్ మనిషి. నాకంటే నాలుగేళ్ళు చిన్న. సనయ్యాలో, అంటే షెడ్లన్నీ ఉండే ఇండస్ట్రియల్ ఏరియాలో, ఒక గ్యారేజీలో హెడ్ మెకానిక్. తెలుగు మీడియంలో పదో తరగతి. ఇంట్లో ఉర్దూ, నాతో తెలుగు. రోగం కనిపెట్టడానికి అతనికి కంప్యూటర్ అక్కర్లేదు. మూర పొడుగు స్క్రూడ్రైవర్ ఉండేది. దాని కొన ఇంజన్ మీద ఆనించి, పిడి చెవి వెనక ఎముకకు గట్టిగా నొక్కి, కళ్ళు మూసుకునేవాడు. డాక్టరు గొట్టం పెట్టి విన్నట్టే. పాత మెకానిక్కులందరికీ ఉన్న విద్యే అది, అందులో మహిమ ఏమీ లేదు. ఇనుము చప్పుడును బాగా మోస్తుంది.

అతను నాకు నేర్పిన నియమం ఒకటుంది. హైవే నుంచి వచ్చిన కారును వెంటనే ఆపకూడదు. "ఉరికొచ్చిన బండి సారూ, ఒక్క నిమిషం ఊపిరి పీల్చుకోనియ్యిర్రి" అనేవాడు. టర్బో చల్లారేదాకా ఇంజన్‌ను అలా వదిలి, తర్వాతే తాళం తిప్పాలి. నేను ఒక్కరోజు కూడా తప్పలేదు.

మూడేళ్ళ కిందట ఒక శుక్రవారం అతను స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని చాలాసేపు లేవలేదు.

"సారూ, దీనికి బిమారి ఉన్నది" అన్నాడు.

ఏం చప్పుడన్నాను. బానెట్ మీద వేళ్ళతో కొట్టి చూపించాడు. మూడు దెబ్బలు. ఆగడం. రెండు. మళ్ళీ ఆగడం, ఈసారి ఎక్కువసేపు. తర్వాత గబగబా నాలుగు.

నేను ఫోన్ తీసి రికార్డు చేశాను. సాక్ష్యం దాచడం పాత అలవాటు. తర్వాత నవ్వాను. బేరింగు అరిగితే దెబ్బ క్రాంకు తిరిగే లెక్కకు పడుతుంది. ఇంజన్ వేగం పెరిగితే అదీ పెరుగుతుంది. మధ్యలో ఆగదు.

"ఖలీల్ భాయ్, క్రాంకు ఏమన్న నీ లెక్క బీడీ తాగనీకి ఆగుతదా?"

షెడ్డులో అందరూ నవ్వారు. ఖలీల్ కూడా నవ్వాడు. "నాకేమెరుక సారూ. ఇన్నది చెప్పిన. కొట్టుకుంటది, ఆగుతది, మళ్ళ కొట్టుకుంటది."

నేనూ చెవి పెట్టి విన్నాను. ఇంజన్ మామూలు గురగుర తప్ప ఏమీ లేదు. సరదాకు అన్నాడని వదిలేస్తే సరిపోయేది. కానీ నేను వాదాల్లో పెరిగినవాణ్ణి. ఎదుటివాడు ఒక మాట అన్నాడంటే రుజువు చెయ్యాలి, లేదా నలుగురిలో ఒప్పుకోవాలి. అది నా రక్తంలో ఉంది. వచ్చే శుక్రవారం తేల్చుకుందామన్నాను.

ఆ వారంలో నాలుగు సిలిండర్లకూ కంప్రెషన్ పరీక్ష చేయించాను. నాలుగూ సమానం. ఆయిల్ శాంపిల్ ల్యాబుకు పంపాను. లోహపు పొడి జాడ లేదు. వేరే వర్క్‌షాపులో కంప్యూటర్ పెట్టించాను. లోపం లేదని కాగితం ఇచ్చారు. మూడు రిపోర్టులూ పట్టుకుని శుక్రవారం గ్యారేజీకి వెళ్ళాను. నేల మీద పేపర్లు పరిచి ఎనిమిది మంది బిర్యానీకి కూర్చున్నారు. నిలబడి మూడూ చదివాను. ఆ చప్పుడు ఇంజన్‌ది కాదని ఇప్పుడు రాసివ్వమన్నాను.

ఖలీల్ తినడం లేదు. సోడా తాగుతూ ఎడమ భుజం రుద్దుకుంటున్నాడు. అది నేను చూశాను. చూశానని ఇప్పుడు చెప్పగలుగుతున్నాను.

"రాస్త తియ్యి సారూ. మీరు దేవున్నే ఓడగొట్టినోళ్ళు, ఖలీల్‌గాడెంత?" అన్నాడు. మళ్ళీ అందరూ నవ్వారు. నా నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి ఇచ్చాను. చెయ్యి తుడుచుకుని, గుండ్రటి అక్షరాలతో, ఒక వాక్యం రాశాడు: "నేను విన్న చప్పుడు ఇంజన్‌ది కాదు." కింద సంతకం చేశాడు.

కారు దాకా వచ్చాడు. "కాగితం కాగితమే సారూ. బండి జర పైలం. గట్టిగ తొక్కకుర్రి."

ఆరు రోజుల తర్వాత, మధ్యాహ్నం ఎండ విరామంలో, షెడ్డు వెనక అట్టముక్క మీద పడుకున్నాడు. మూడు గంటలకు లేపితే లేవలేదు. జేబులో గ్యాస్ గోళీల పట్టీ ఉంది, సగం అయిపోయింది. ఆసుపత్రి కాగితంలో గుండె అని రాశారు. అతన్ని ఇంటికి పంపే కాగితాల పనంతా నేనే చేశాను. నిర్మల్ నుంచి వాళ్ళ అన్న ఫోన్లో ఒకే మాట అడిగాడు. "దుబాయ్‌ల అంత పెద్ద దవాఖానలుంటయి గద సారూ, ఒక్కపాలి చూపెట్టుకోలేదా?" దుబాయ్ కాదు, ఖతర్ అని కూడా అనలేకపోయాను.

మార్చురీ నుంచి వస్తూ, ఇంటి ముందు ఇంజన్ ఆపకుండా ఆ ఒక్క నిమిషం కూర్చున్నప్పుడు, లెక్క తేలింది. పిడిని ఎముకకు గట్టిగా నొక్కితే మనిషికి తన నాడి కూడా వినబడుతుంది. మూడు కొట్టి ఆగి, రెండు కొట్టి ఆగేది ఏ క్రాంకూ కాదు. ఖలీల్ విన్నది తన గుండెను. దాన్ని నా ముందు వేళ్ళతో కొట్టి చూపించాడు. నేను రికార్డు కూడా చేసుకున్నాను. చేసుకుని, ఇంజన్‌కు మూడు పరీక్షలు చేయించాను. మనిషికి ఒక్కటి చేయించలేదు. పైగా ఆ చప్పుడు ఇంజన్‌ది కాదని అతని చేతే రాయించుకున్నాను.

ఇంతవరకు వింత ఏమీ లేదు. ఇది నా తప్పు, అంతే.

గ్యారేజీవాళ్ళు ఆ స్క్రూడ్రైవర్ నాకిచ్చారు. రెండు నెలలు డిక్కీలో పడి ఉంది. ఒక శుక్రవారం పొద్దున ఆయిల్ మట్టం చూస్తూ, ఎందుకో తీసి ఇంజన్ మీద ఆనించి విన్నాను.

మూడు. ఆగింది. రెండు. చాలాసేపు ఆగింది. నాలుగు.

మొదట నన్ను నేనే అనుమానించాను. అపరాధం ఉన్న మనసు ఏదైనా వింటుంది. నా గుండె పరీక్ష చేయించుకున్నాను. ఒక పగలూ రాత్రీ ఛాతీకి తీగలు అతికించుకుని తిరిగాను. డాక్టరు, "మీ వయసుకు గడియారంలా ఉంది" అన్నాడు. తర్వాతి శుక్రవారం ఇంజన్ ఆపి విన్నాను. వేడి ఇనుము చల్లారుతూ చిటచిటలాడుతుంది, నాకు తెలుసు. అందుకని రెండు రోజులు కారు కదపకుండా ఉంచి, చల్లటి ఇంజన్ మీద పెట్టి విన్నాను. అదే చప్పుడు.

నేను ఒక్కణ్ణి వింటే అది రుజువు కాదు. విషయం తెలియని ఇంకొకరు వినాలి. మా సైటులో పరంజా కట్టే గంగారాం మెట్‌పల్లి వైపు మనిషి. శుక్రవారాలు లేబర్ క్యాంపు నుంచి వచ్చి నాతో అర్జీలు రాయించుకునేవాడు. ఖలీల్ ఎవరో అతనికి తెలియదు, కారు నడపడం రాదు. ఇంజన్ ఆపి ఉంది, తాళంచెవి నా జేబులోనే ఉంది. పిడి అతని చెవికి పెట్టించి, నోటితో ఏమీ చెప్పవద్దని, విన్నది వేలితో బానెట్ మీద కొట్టి చూపించమన్నాను.

మూడు కొట్టాడు. ఆగాడు. రెండు. వేలు గాలిలో అలాగే నిలిచిపోయింది. నాలుగు.

ఫోన్లో ఖలీల్ రికార్డు పక్కన పెట్టి చూసుకున్నాను. విరామాలతో సహా సరిపోయింది.

గంగారాం పిడి చెవి నుంచి తియ్యలేదు. "గిది బండేనా సారూ?" అన్నాడు.

"ఎందుకట్ల అడుగుతున్నవ్?"

"పోయిన ఎండకాలం మా మేస్త్రి సైట్ల పడిపోయిండు. అంబులెన్స్ వచ్చేదాక ఛాతి మీద చెవి పెట్టి కూసున్న. గిట్లనే కొట్టుకున్నది." కాసేపు విని, నా వైపు చూశాడు. "ఎవలినన్న పిలువుర్రి సారూ. జల్ది."

ఎవరిని పిలవాలి? ఆ మాట అన్నందుకు అతనికే సిగ్గేసింది. స్క్రూడ్రైవర్ నా చేతిలో పెట్టి, అర్జీ సంగతి మరిచిపోయి వెళ్ళాడు. మళ్ళీ మా ఇంటికి రాలేదు. సైటులో ఎదురైతే పలకరిస్తాడు, కారు వైపు చూడడు.

అప్పుడు నాకు ఒక ఆశ పుట్టింది. చెప్పుకోవడానికి సిగ్గుపడే ఆశ. చప్పుడు నిజంగా ఇంజన్‌లోనే ఉంటే, మొదటినుంచీ ఉన్నది అక్కడే. ఖలీల్ విన్నది తన గుండెను కాదు. అతను కారు గురించి సరిగ్గానే చెప్పాడు, నేను వాదంలో ఓడిపోయాను, అతని చావు నేను వినకుండా వదిలేసిన చావు కాదు. ఒక్క అరిగిన బేరింగు దొరికితే చాలు. ఆ కాగితం చింపేసి, అతని అన్నకు ఫోన్ చేసి, మీ తమ్ముడే గెలిచాడని చెప్పాలనుకున్నాను.

ఇంజన్ దింపించాను. పెషావర్ నుంచి వచ్చిన ముసలి మెకానిక్ మూడు రోజులు పట్టి ముక్క ముక్క విప్పాడు. బేరింగులు తీసి తెల్లగుడ్డ మీద వరసగా పెట్టాడు. భూతద్దం పట్టి ఒక్కొక్కటీ చూశాను. ఒక గీత కోసం వెతికాను. నిరపరాధి తరఫున వెతికే వకీలులా కాదు, తన శిక్ష తగ్గించే సాక్షి కోసం వెతికే ముద్దాయిలా వెతికాను. అద్దాల్లా మెరుస్తున్నాయి.

"సాబ్, ఖోలా క్యోఁ? యే తో నయా హై" అన్నాడు ముసలాయన. కొత్తదాన్ని ఎందుకు విప్పించావని.

తిరిగి బిగించారు. శుక్రవారం పొద్దున విన్నాను. మూడు. ఆగింది. రెండు.

దీన్ని దయ్యం అనుకోమని నాకు చెప్పినవాళ్ళున్నారు. అనుకుంటే నాకే మేలు. చనిపోయినవాడు వచ్చి నాతో ఏదో చెబుతున్నాడంటే, నా మీద కోపం లేదనైనా అనుకోవచ్చు. కానీ పదిహేనేళ్ళు ఊరూరా నేను చెప్పింది ఒకటే. నీకు ఊరటనిచ్చే సాక్ష్యాన్ని అందరికంటే ముందు నువ్వే అనుమానించు. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకునే హక్కు నాకు లేదు. చప్పుడు ఉంది. కారణం లేదు. అది నన్ను విడిపించడానికి సరిపోదు.

కారు రెండు లక్షల కిలోమీటర్లు దాటింది. అల్ రువైస్ దారిలో ఒక్కరోజు కూడా నిలబెట్టలేదు. అల్ అజీజియాలో సిగ్నల్ దగ్గర, పెట్రోలు బంకు దగ్గర, మనవాళ్ళ కుర్రాళ్ళు అద్దం దించి అడుగుతారు: "అన్నా, గీ టర్బో బండ్లు చాన రోజులు నిలవయంటరు, నిజమేనా?" నిలుస్తాయి అంటాను. అబద్ధం కాదు. ప్రతి వారం ఇది చెడిపోవాలని కోరుకుంటాను. చెడిపోదు.

ఆ కాగితం నోటుబుక్కులోనే ఉంది. నేను గెలిచిన ఆఖరి వాదం అది. ప్రతి శుక్రవారం ఆయిల్ మట్టం, కూలెంట్ మట్టం, కిలోమీటర్లు రాస్తాను. నాలుగో గడి ఒకటి గీశాను. అందులో ఆ పొద్దున ఎన్ని దెబ్బలు, ఎంతసేపు ఆగిందో రాస్తాను. ఆగే సమయం కొద్దికొద్దిగా పెరుగుతోంది. పోయిన వారం అది ఆగినప్పుడు, ఫోన్ నా చేతిలోనే ఉంది. ఎవరికి చెయ్యాలో తెలియక, మళ్ళీ కొట్టుకునేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాను.