బ్లెస్సీ గుండు ఫొటో

మా పక్కింటి బ్లెస్సీకి ఎనిమిదేళ్లు. బ్లడ్ క్యాన్సర్ చికిత్స పూర్తయి జుట్టు మళ్లీ వచ్చింది. ఈ రోజు తల్లీకూతుళ్లతో కలిసి, క్లిప్పులు కొనడానికి రాజోలు వెళ్లాను.

సెంటర్లో పెద్ద ఫ్లెక్సీ. "క్యాన్సర్ పిల్లల ఆప్తుడు" అని మా స్నేహితుడు సుధాకర్ గారి నవ్వు ముఖం, పక్కన గుండుతో బ్లెస్సీ. ఆస్పత్రిలో ఉన్నప్పుడు, ప్రార్థన చేయమని వాళ్లమ్మ ఆయన్ని నమ్మి పంపిన ఫొటో అది.

వెంటనే ఫోన్ చేశాను. "అడక్కుండా ఎలా వేసేరండీ?"

"ఇప్పటి ఫొటో వేస్తే ఎవరు కరిగి చందాలిస్తారండీ? పిల్లల కోసమే కదండీ!" అన్నారాయన.

"క్లిప్పులొద్దమ్మా, ఇంటికెళ్లిపోదాం" అంది బ్లెస్సీ.

ఇన్నాళ్లూ ఆస్పత్రికి తోడొచ్చిన మనిషండీ ఆయన. ఇక ఆ తల్లికి ఎవర్ని నమ్మమని చెప్పాలో మీరే చెప్పండి. ఆటోలో ఇంటిదాకా ఆ పిల్ల తన తలమీద కప్పుకున్న అమ్మ కొంగు తియ్యలేదు.