పూజ అరలో యేసు పటం

బంటింగ్ నుంచి క్లాంగ్ వెళ్లే బస్సు వానలో ఆగిపోయింది. నాకు కుదురు లేదు. ఫోన్లో యుద్ధం వార్తలు తెరుస్తున్నాను, మూస్తున్నాను. పక్క సీట్లో ఒక విదేశీ పెద్దావిడ. మాటల్లో మాటగా, తాను యూదురాలినని, ఈ దేశంలో ఆ మాట పైకి అనకూడదన్నట్టు గొంతు తగ్గించి చెప్పింది.

నేను ఊరుకోలేక ఇంగ్లీషులో అడిగేశాను. "యేసు మీవాడే కదా! మేం హిందువులం. అయినా మా పూజ అరలో ఆయన పటం ఉంది, రోజూ బొట్టు పెడతాం. మీరెందుకు ఒప్పుకోరు?"

ఆవిడ నవ్వలేదు. "మాకు దేవుడొక్కడే, ఆయనకు పటం లేదు. మనిషిని దేవుడనలేం. మా ప్రవక్తలు చెప్పిన మెస్సీయ, అంటే రావలసిన రాజు, మనిషే. ఆయన వస్తే యుద్ధాలు ఆగిపోవాలి."

నా ఫోన్లో కూలిన ఇళ్ల మీంచి పొగ లేస్తోంది. ఆవిడ ఆ ఫోన్‌ని మెల్లగా నా ఒళ్లో బోర్లించింది.

"ఆగలేదుగా. అందుకే ఇంకా ఎదురుచూస్తున్నాం."

క్లాంగ్‌లో దిగి ఎవరి దారిన వాళ్లం వెళ్లిపోయాం.

ఇప్పటికీ పొద్దున్నే పటాలకు బొట్లు పెడుతుంటే యేసు పటం దగ్గర చెయ్యి ఆగుతుంది.

"ఏటే, అలా నిలబడిపోయినావు? దీపం కొండెక్కిపోతాది లా!" అని అమ్మ, ఇక్కడివాళ్లలా మాట చివర 'లా' తగిలించి, వెనక నుంచి కేకేస్తుంది.

బొట్టు పెడతాను. కాకపోతే ముందు వెళ్లి టీవీలో యుద్ధం వార్తలు కట్టేసి వస్తాను.